వేలెడు ఖాళీ

పునర్వసు కార్తె, ఆదివారం

ఈ దినచర్యలో ఏ డబ్బాకు ఎంత చార్జి ఉందో రాస్తే చాలని బల్లకట్టు పెద్దలు చెప్పారు. చార్జి లెక్కలు రాయడానికి మా డబ్బాల షెడ్డులో ఏసుదాసు ఉన్నాడు. తులశమ్మ చేతికి కలమిచ్చి నోరు మూసుకోమంటే కుదిరే పనేనా? కాబట్టి లెక్కలు ఎడమ పేజీలో, నా మాటలు కుడి పేజీలో. ఇష్టం లేని వాళ్ళు ఎడమ పేజీ చదువుకుని వెళ్ళిపోవచ్చు.

ఈరోజు ఆఖరి ఊక డబ్బా బిగించాం. నీళ్ళ మీద తేలే మా మూడో బల్లకట్టు మీద ఇక అన్ని ఇళ్ళలోనూ ఊక బ్యాటరీలే. పాత బొగ్గు డబ్బాలన్నిటినీ పడవకెక్కించి ఎగువ వాళ్ళకు ఇచ్చేశాం. నిరుడు ముసురు పట్టినప్పుడు ఆ బొగ్గు డబ్బాలు మధ్యలోనే చేతులెత్తేస్తే, బల్లకట్టు బల్లకట్టంతా చీకట్లో కూర్చుని ఒకరి గొంతు ఒకరు గుర్తుపట్టుకుంటూ గడిపాం. ఆ బాధ తప్పిందంటే నాకు ఎవరికి దణ్ణం పెట్టాలో తెలియడం లేదు.

తేలే మడుల్లో పండిన వడ్లు ఆడిస్తే వచ్చే ఊకను ఇదివరకు నీళ్ళలోకి తోసేసేవాళ్ళం. ఇప్పుడు గుప్పెడు కింద పడితే మా షెడ్డులో పనిచేసే కనకదుర్గ చీపురు పట్టుకుని పరుగెత్తుకొస్తోంది. ఆ ఊకను కాల్చి, బూడిదను మందు నీళ్ళలో కడిగి, మళ్ళీ కొలిమిలో పెడితే కాఫీపొడి రంగులో సిలికాన్ మిగులుతుంది. వేళ్ళ మధ్య రాసుకుంటే పొడి ఉన్నట్టే తెలియదు. అంత సన్నం. దాన్ని సముద్రపు నాచు జిగురుతో కలిపి రాగి రేకుల మీద పలచగా పూస్తాం. ఆరాక రేకులు పేర్చి డబ్బాలో పెట్టి మూత బిగిస్తాం. బొగ్గు పొడి పట్టుకునే చార్జికి ఇది ఎన్నో రెట్లు పట్టుకుంటుంది. వడ్ల గింజ మీది పొట్టులో ఇంత బలం దాచిపెట్టిన వాడెవడో గాని, వాడి కడుపు చల్లగా ఉండాలి.

ఈ విద్య నేర్పింది ఒకటో బల్లకట్టు నుంచి వచ్చిన రజియా. మా కనకదుర్గ వయసే, చదువు మాత్రం ఆకాశమంత. ప్రతి డబ్బా లోపలా ఒక గీత గీసి, "ఈ గీత దాటి రేకులు పెట్టొద్దు పిన్నీ" అని చెప్పి వెళ్ళింది. గీతకు పైన వేలెడు ఖాళీ మిగులుతుంది. చిన్నపిల్ల కదా, రేకులు పొదుపు చేస్తోంది అనుకున్నాం. గీత దగ్గరే ఆపేసిన డబ్బాను మనిషి చేతిలో ఎలా పెడతాం? పొరుగింటి గిన్నెను ఖాళీగా తిరిగివ్వడం తెలియని వాళ్ళం మేము.

డబ్బా ఎవరికి వెళ్తుందో వాళ్ళ పేరు చెప్పి ఒక రేకు కొసరు వేయడం మా షెడ్డు ఆనవాయితీ. బొగ్గు రోజుల్లో ఆ కొసరు రేకు ఇంకో పూట దీపం వెలిగించేది. ఆ ఆనవాయితీ ఊక డబ్బాలకూ వచ్చింది. అన్నిటికీ వేశాం, ఒక్క అంకినీడు బాబాయ్ డబ్బాలకు తప్ప. ఆయన చేపలు ఎండబెట్టే పెట్టె నడపడానికి రెండు డబ్బాలు కావాలని వచ్చి, మేం రేకులు పేరుస్తున్నంతసేపూ నెత్తిమీద నిలబడ్డాడు.

"కొసరూ గిసరూ వద్దు. ఆ పిల్ల గీసిన గీత దాకా పెట్టి మూసెయ్యండి" అన్నాడు.

"అందరికీ వేస్తున్నాం కద బాబాయ్."

"కొసరేస్తున్నారంటే అసల్లో ఎక్కడో నొక్కేస్తున్నారన్నమాట. నాకు తెలీదేంటి!"

మూత బిగించాక ఏసుదాసు, "మహానుభావుడు, రేకు మిగిల్చాడు" అన్నాడు. ఆ రేకు కూడా మా తోడికోడలు నాంచారమ్మ డబ్బాలోకే వెళ్ళింది.

పునర్వసు కార్తె, గురువారం

ముసురు పట్టింది. ఆకాశం మూత పెట్టినట్టుంది. పైకప్పుల మీది సౌర పలకలు వాన నీళ్ళు జారడానికి తప్ప ఎందుకూ పనికి రావడం లేదు. అయినా భయం లేదు, డబ్బాలు నిండుగా ఉన్నాయి.

సాయంత్రం నాంచారక్కను చూసి వచ్చాను. పెద్ద ఉప్పెన వచ్చిన ఏడు ఈ బల్లకట్టు మీద తిండి ఉన్నదంటే అది ఆవిడ వంటసాల వల్లే. తడిసిన కట్టెల పొగలో నిలబడి అందరికీ గంజి కాచింది. మేమంతా ఆ గంజితో బతికాం, ఆవిడ ఊపిరితిత్తులు ఆ పొగతో పాడయ్యాయి. ఇప్పుడు ముక్కుకు గొట్టం పెట్టుకుని, ఊపిరికి గాలి అందించే మర పక్కనే పడుకుంటుంది. ఆ మర ఆగకూడదు. అందుకే ఆవిడ రెండు డబ్బాల్ని కంటికి రెప్పలా చూసి చేశాం.

"ఏమే, ఈ మర ఏంటి ఇంత మెత్తగా నడుస్తంది? నిరుడు దగ్గేది, నాకు తోడుండేది" అంది.

"కొత్త డబ్బాలక్కా. ఊకతో చేసినయ్యి."

"నా జీవితమంతా ఊక చెరిగి పారబోశాను. ఇప్పుడది నన్ను బతికిస్తందా! ఎంత మంచిదే పాపం." చేయి చాచి డబ్బాను నిమిరింది. తర్వాత, నా చీర కట్టు బాగాలేదని వంకపెట్టింది. ఆవిడ వంకలు పెడుతున్నంతకాలం నాకు ధైర్యం.

పుష్యమి కార్తె, సోమవారం

కనకదుర్గ వాళ్ళ డబ్బా పొద్దున్నే ఉబ్బింది. పూరీ పొంగినట్టు పక్కలు బయటికొచ్చి, మూత అంచు దగ్గర పగిలింది. చార్జి చూస్తే సగానికి పడిపోయింది. జాగ్రత్తగా మోసుకొచ్చి ఇసుక తొట్టిలో పూడ్చాం. ఇలాంటివి అంటుకుంటే ఆర్పడం మన వల్ల కాదు.

"ఉప్పు గాలి లోపలికి పోయుంటుందక్కా" అన్నాడు ఏసుదాసు. సరే, అన్ని మూతల అంచులకూ మైనం పూద్దామని బయల్దేరాం. వానలో తడుస్తూ ఇల్లిల్లూ తిరిగాం. నాలుగిళ్ళ వాళ్ళు టీ ఇచ్చారు, ఒకావిడ తన పొడి తువ్వాలు ఇచ్చి తాను తడి తువ్వాలుతో తుడుచుకుంది. ఇంతమంది మంచివాళ్ళ మధ్య ఉంటున్నందుకు నేను రోజూ సంతోషించాలి గాని, గుర్తు రాదు. ఈరోజు గుర్తొచ్చింది, రాస్తున్నాను.

పుష్యమి కార్తె, బుధవారం

మైనం వల్ల ఒరిగిందేమీ లేదు. ఇంకా చాలా డబ్బాలు ఉబ్బాయి. చిత్రమేమిటంటే మేం బాగా ఇష్టపడి చేసినవే ముందు పోతున్నాయి. మంత్రసాని ఇంటిది పోయింది. బడి డబ్బా పోయింది. మధ్యాహ్నం నాంచారక్క ఇంట్లో మొదటి డబ్బా టప్పుమని మూత లేపేసింది.

రెండోదానికి మర తగిలించాం. అదీ అప్పటికే పక్కలు ఉబ్బి ఉంది. దాన్ని నమ్ముకుని కూర్చోలేక షెడ్డులోంచి తొక్కుడు మిషను తెచ్చాం. సైకిలు తొక్కినట్టు తొక్కితే మర నడుస్తుంది, ఆపితే ఆగుతుంది. ఏసుదాసు ఎక్కాడు, తర్వాత కనకదుర్గ, తర్వాత నేను. నా మోకాళ్ళ సంగతి ఇక్కడ రాయను. ఇరుగుపొరుగు వాళ్ళు పిలవకుండానే వచ్చి గుమ్మంలో వరుస కట్టారు. అందులో ఆ ఏడు గంజి తాగిన వాళ్ళున్నారు, అప్పటికి పుట్టని వాళ్ళూ ఉన్నారు.

"పెళ్ళికొచ్చినట్టు వచ్చార్రా అందరూ. మీకు పెట్టడానికి ఇంట్లో ఏం లేదు" అని నాంచారక్క గొట్టంలోంచే బాధపడింది.

ఎంతమంది తొక్కినా మనుషులం. వాన వారం దాకా తగ్గదని రేడియోలో చెప్పారు. కొత్త డబ్బా చేద్దామంటే, దానికి మొదటి చార్జి పట్టించడానికి ఎండ ఏదీ? చార్జితో ఉన్న మంచి డబ్బా దొరకాలి, లేకపోతే అక్క దక్కదు. ఈ మాట రాయడానికి నాకు చేయి రావడం లేదు. రజియాకు రేడియోలో కబురు పెట్టాం.

పుష్యమి కార్తె, గురువారం

రజియా వచ్చింది. ఈ గాలివానలో చిన్న పడవేసుకుని, తల నుంచి కాళ్ళ దాకా నీళ్ళోడుతూ వచ్చింది. నేను తిట్టబోయి, తువ్వాలు తెచ్చి తల తుడిచాను.

నాంచారక్క ఇంట్లోనే, తొక్కుడు మిషను చప్పుడు మధ్య, ఉబ్బిన మొదటి డబ్బాను తెరిచింది. లోపల రేకులు ఒకదాన్నొకటి నెట్టుకుని వంకర్లు పోయాయి. పూత పెచ్చులు పెచ్చులుగా ఊడింది. ఆమె రేకులు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టి లెక్కేసింది. మళ్ళీ లెక్కేసింది.

"పిన్నీ, గీత దాకా పట్టే వాటికన్నా ఇందులో నాలుగు ఎక్కువున్నయ్యి. ఎట్లా వచ్చినయ్యి?"

"ఒకటి కొసరు. నేనే వేశాను. ఇంకోటి అంకినీడు బాబాయ్ వద్దన్నది" అన్నాను.

ఏసుదాసు తల గోక్కున్నాడు. "నేనూ ఒకటేశానక్కా. నువ్వు వేశావని తెలీదు. అవ్వకి కదా అని."

కనకదుర్గ మిషను మీద నుంచే, "నేను కూడా" అంది. తొక్కడం మాత్రం ఆపలేదు.

రజియాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నేల మీద కూర్చుని మాకు చెప్పింది. "ఈ సిలికాన్ గింజ చార్జి పట్టుకున్నప్పుడల్లా ఉబ్బుద్ది పిన్నీ. దాదాపు మూడింతలు అవుద్ది. చార్జి దిగితే మళ్ళీ చిక్కిపోద్ది. గింజ పెద్దదైతే ఆ ఉబ్బుడికి పగిలిపోద్ది. అందుకే దాన్ని కంటికి కనపడని నానో సైజు దాకా తెచ్చాం. అంత చిన్నదైతే ఎంత ఉబ్బినా పగలదు. కానీ ఉబ్బడానికి చోటుండాలి కదా! గీత పైన ఉన్న ఖాళీ అందుకే. మీరు దాన్ని కూడా నింపేశారు. చోటు లేక ఒకదాన్నొకటి నలిపేసుకున్నయ్యి."

"మరి బొగ్గు డబ్బాలకి ఏం కాలేదే?" అన్నాడు ఏసుదాసు.

"బొగ్గు అంత ఉబ్బదు. దానికి కొసరు వేస్తే లాభమే. ఊకకి వేస్తే ఇదీ. నేను గీత గీసి వెళ్ళిపోయాను, ఎందుకో చెప్పలేదు. తప్పు నాది కూడా."

మంచం మీద నుంచి నాంచారక్క గొట్టం పక్కకు జరిపింది. వద్దని మేం అరుస్తున్నా వినలేదు.

"గిన్నె నిండా బియ్యం పోసి పొయ్యి మీద పెట్టారటే! అన్నం ఎక్కడికి పొంగుద్ది? మూతలు లేపక ఏం చేస్తది? నా దగ్గర అన్నం తిన్నారు గాని వండటం నేర్చుకోలేదే ఒక్కరూ!"

నాకు ముందు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది, రెండూ కలిసే వచ్చాయి. ఆవిడ మీద ప్రేమ ఉన్న ప్రతి వాళ్ళం ఒక్కొక్క రేకు కూరి ఆవిడ ఊపిరికే ఎసరు పెట్టాం. ఏసుదాసు ముఖం గోడకు తిప్పుకున్నాడు.

రజియా ముక్కు తుడుచుకుని, "కొసరు వెయ్యని డబ్బా ఒక్కటైనా ఉందా?" అని అడిగింది.

ముగ్గురం ఒకరి ముఖాలొకరం చూసుకున్నాం.

పుష్యమి కార్తె, శుక్రవారం

తెల్లవారగానే రజియా, నేను అంకినీడు బాబాయ్ దగ్గరకు వెళ్ళాం. ఆయనది బల్లకట్టు కొసన ఉన్న ఆఖరి గది. చేపల వాసన పడదని ఎవరూ అటు వెళ్ళరు. ఎవరూ రారని ఆయన ఎవరితోనూ మంచిగా మాట్లాడడు. ఏది ముందు మొదలైందో ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు.

గదిలో చేపల పెట్టె సన్నగా రొద చేస్తోంది. దాని పక్కన రెండు డబ్బాలు, బిగించిన రోజు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. రజియా మూతలు తట్టి చూసి, మీటరు పెట్టి చూసి, "చెక్కు చెదర్లేదు" అంది.

జరిగిందంతా చెప్పాను. ఆయన తన పనిమీదే ఉండి విన్నాడు. పెట్టెలో సావిడి చేపలు బారులు తీరి ఆరుతున్నాయి, మూడు నెలల వేట. ముసురు తగ్గాక పై బల్లకట్టుల వాళ్ళు వచ్చి బియ్యం ఇచ్చి పట్టుకెళ్తారు. మర ఆపితే ఈ తేమలో అవన్నీ కుళ్ళిపోతాయి.

"అయితే మీరు ఇష్టపడి చేసినయ్యన్నీ పేలిపోయినయ్యి" అన్నాడు.

"అవును బాబాయ్."

"నాయి మిగిలినయ్యి."

"అవును."

"ఎందుకంటే నేనంటే మీకెవరికీ ఇష్టం లేదు."

ఆయన లేచి పెట్టె మీట కిందికి దించాడు. రొద ఆగిపోయి గది అంతా వాన చప్పుడు నిండింది.

"ఉప్పెన ఏడు ఆ వంటసాల్లో గంజి పోసేటప్పుడు నాంచారమ్మ నన్నడిగింది, ఇంకో గరిటె వెయ్యనా అని. నన్నెవరూ అట్టా అడగరు. వద్దన్నాను. పోసేసింది." డబ్బా తీగలు విప్పుతూ అన్నాడు. "ఒకటి నువ్వు పట్టుకో అమ్మాయ్. రెండోది నేను తెస్తా. రెండూ నీ చేతికిస్తే నీళ్ళల్లో పడేస్తావ్."

"చేపలు బాబాయ్..."

"చేపలు మళ్ళీ పడతయ్యి."

ఆయన ముందు నడిచాడు, తన చొక్కా విప్పి డబ్బా మీద కప్పి, తాను తడుస్తూ. నేను నాకిచ్చిన డబ్బా పట్టుకుని వెనకాల నడిచాను. వానలో కళ్ళు తుడుచుకోవాల్సిన పని లేకపోవడం కూడా ఒక సుఖమే.

నాంచారక్క గదిలో మిషను మీద ఉన్న కుర్రాడి కాళ్ళు వణుకుతున్నాయి. రజియా తీగలు కలిపింది. "ఇక దిగు" అంది. అతను దిగాడు. మర ఆగలేదు.

నాంచారక్క కళ్ళు తెరిచి బాబాయ్‌ను చూసింది. "చొక్కా ఏదయ్యా? సిగ్గులేకపోతే సరి" అంది.

"ఉంది లే. ఆరేసుకుంటా" అన్నాడాయన.

ఆశ్లేష కార్తె, మంగళవారం

ఎండ వచ్చింది. పలకలన్నీ తుడిచి పెట్టాం. అక్క మర బాబాయ్ డబ్బాల మీద ముసురంతా దాటింది. ఆఖరి రోజు కూడా అవి ఉబ్బలేదు. అన్నం వండేవాళ్ళకు తెలిసినట్టే, చోటిస్తే పొంగేది పొంగి మళ్ళీ దిగింది.

చేపలు కుళ్ళాయి. మూడు నెలల వేట కంపు బల్లకట్టు ఈ చివర నుంచి ఆ చివర దాకా పాకింది. ఆ కంపు గురించి ఒక్క ఇంట్లో ఒక్క మనిషీ మాట అనలేదు. మంత్రసాని తన ఇంటి ముందు ముక్కు మూసుకున్న చిన్నదాన్ని చూసి, "చెయ్యి తియ్యి" అందట. బడి పిల్లలూ పెద్దలూ వెళ్ళి, కుళ్ళిన చేపలన్నీ ఎత్తి తేలే మడులకు ఎరువుగా వేశారు. ఈసారి పంట బాగా వస్తుంది, ఊకా ఎక్కువ వస్తుంది.

బాబాయ్‌కు ఇంటికో కుంచెడు చొప్పున బియ్యం పోయాలని అనుకున్నాం. ఆయన గది గుమ్మంలో బస్తాలు చూసి ఇంతెత్తున లేచాడు. "నేనడిగానా? ఎవరి బియ్యం వాళ్ళు పట్టుకుపోండి!" అని అరిచాడు. ఎవరూ పట్టుకుపోలేదు. రెండో రోజు నుంచి అరవడం మానేసి, వచ్చిన వాళ్ళకు పీట వేయడం మొదలుపెట్టాడు.

మఖ కార్తె, ఆదివారం

ఉబ్బిన డబ్బాలన్నీ విప్పి, పాత పూత గీకి, కొత్తగా పూసి, మళ్ళీ బిగిస్తున్నాం. రజియా ఇక్కడే ఉంటోంది. కనకదుర్గ వాళ్ళింట్లో తింటోంది, కొసరి కొసరి పెడుతుంటే వద్దనలేక లావెక్కుతోంది. మనుషుల విషయంలో మా ఆనవాయితీ మారలేదు.

డబ్బాల విషయంలో మారింది. కొసరు మానేద్దామా అని మొదట్లో అనుకున్నాం. ఏసుదాసు ఒప్పుకోలేదు. "పేరు చెప్పకుండా ఏదో సామాను బిగించినట్టు బిగించి పంపడం నా వల్ల కాదక్కా" అన్నాడు. అందుకని ఇప్పుడు రేకులు గీత దాకా పెడతాం. తర్వాత డబ్బా ఎవరిదో వాళ్ళ పేరు చెప్పి, పైన ఒక్కసారి చేయి ఆనించి, ఏమీ వేయకుండా మూత పెడతాం. చూడ్డానికి తేలిక. చేతిలో రేకు పట్టుకుని, ఇష్టమైన మనిషి డబ్బాలో దాన్ని వేయకుండా వెనక్కి పెట్టడం ఎంత కష్టమో నాకు తెలుసు. నాంచారక్క డబ్బా దగ్గర నా చేయి రెండుసార్లు ముందుకెళ్ళింది.

ఈరోజు బాబాయ్ డబ్బాల వంతు. ముసురంతా వాడినవి కదా అని విప్పి, శుభ్రం చేసి, కొత్త రేకులు పేర్చాం. ఆయన ఎప్పటిలాగే వచ్చి నెత్తిమీద నిలబడ్డాడు. గీత దాకా పెట్టాం. ముగ్గురం ఒకరి తర్వాత ఒకరం "అంకినీడు బాబాయ్‌కి" అని చేయి ఆనించాం. రజియా కూడా వచ్చి ఆనించింది.

"ఏంటది?" అన్నాడు.

"కొసరు బాబాయ్" అన్నాను.

"ఏదీ? ఏమీ వెయ్యలేదే!"

"నలుగురం వేశాం. పైన చూసుకో."

గీతకు పైన ఖాళీలో వేలు పెట్టి చూశాడు. మూత పట్టుకుని ఏసుదాసు ఎదురుచూస్తున్నాడు. బాబాయ్ వేలు వెంటనే తీయలేదు.